స్ప్రింట్ సైక్లింగ్‌లో కెఫీన్: మోతాదు చెప్పకుండా సలహా ఇవ్వవద్దు

సంపాదకులకు నమస్కారం.

స్ప్రింట్ సైక్లిస్టులకు కెఫీన్ వేగాన్నిస్తుందంటూ మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో అబద్ధమేమీ లేదు గానీ, మోతాదు ఊసెత్తలేదు. ట్రాక్ సైక్లింగ్ నేర్పేవాడిగా ఆ లోటు నన్ను కలవరపెట్టింది.

కెఫీన్ కండరానికి కొత్త బలమేమీ పోయదు. అలసటను మెదడుకు తెలియజేసే అడెనోసిన్ చేరవలసిన గ్రాహకాల్లో తానే ముందుగా చేరి కూర్చుంటుంది. దాంతో తొడల్లో మంట తక్కువగా తెలిసి, కాలు పెడల్‌ను మరికొంత గట్టిగా తొక్కుతుంది. అయితే 30 సెకన్లపాటు ఉన్న శక్తంతా పెట్టి తొక్కించే వింగేట్ పరీక్షల్లో కనిపించిన మేలు స్వల్పమే, కొన్నింటిలో అసలు కనిపించనే లేదు. నిమిషాల తరబడి సాగే పోటీల్లోనే దాని ప్రయోజనం స్పష్టంగా తెలుస్తుంది. పైగా గట్టిగా తొక్కినకొద్దీ, తీవ్ర శ్రమలో కండరాల్లో తయారయ్యే లాక్టేట్ అనే పదార్థం రక్తంలో కూడా పెరుగుతుంది కాబట్టి, ఒకే పూట మూడు నాలుగు స్ప్రింట్లు తొక్కవలసినవారికి మొదటి రౌండులో వచ్చిన లాభం ఆఖరి రౌండుకు మిగలకపోవచ్చు.

పెద్దవారిపై జరిగిన పరిశోధనల్లో ఫలితమిచ్చిన మోతాదు కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180 నుంచి 360, అదీ పోటీకి సుమారు గంట ముందు. కిలోకు 9 మిల్లీగ్రాములు తీసుకుంటే అదనపు మేలు ఉండదు, వణుకు, గుండెదడ, కడుపులో తిప్పడం మాత్రం పెరుగుతాయి. శుద్ధ కెఫీన్ పొడి సంగతి మరీ భయంకరం: ఒక్క టీస్పూనులోనే సుమారు 3 గ్రాములు ఉంటుంది, అది ప్రాణాల మీదికే తెస్తుంది.

నా శిష్యుడొకడు నిరుడు ఎవరో చెప్పారని ఎనర్జీ డ్రింకు తాగి, పైన మాత్ర కూడా వేసుకుని వచ్చాడు. స్టార్ట్ లైను దగ్గర హ్యాండిల్ మీద వాడి వేళ్లు నిలవలేదు. తుపాకీ పేలకముందే కదిలాడు. సాయంత్రం ఆరింటికి తీసుకున్న కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకు కూడా ఒంట్లోనే ఉంటుంది, ఆ రాత్రి వాడికి కన్ను మూతపడలేదు. మర్నాటి రౌండ్లలో కాళ్లు ఆడలేదు.

2004లో కెఫీన్‌ను నిషేధిత జాబితా నుంచి తీసేసిన మాట నిజమే. అయినా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాని వాడకాన్ని ఇప్పటికీ గమనిస్తూనే ఉంది. నిషేధం లేదన్న ఒక్క మాట పట్టుకుని పిల్లలు మాత్రలు మింగేస్తున్నారు. ఇకపై ఇలాంటి వ్యాసాల్లో కిలో లెక్కన మోతాదును, తీసుకోవలసిన వేళను, ఈ లెక్కలు పద్దెనిమిదేళ్లు నిండనివారికి వర్తించవన్న హెచ్చరికను తప్పక ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైక్లింగ్ శిక్షకుడు