చేతులు వణికితే నాటకమా?

సంపాదకులకు నమస్కారం.

నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇది నా తప్పు గురించిన ఉత్తరం.

ఒక మే నెలలో వాంతులు, విరేచనాలతో ఒకామెను మా మెడికల్ వార్డులో చేర్చారు. ఆమె అన్న నన్ను పక్కకు పిలిచి "మతి సరిగా ఉండదు సిస్టర్" అన్నాడు. అంతే, డ్యూటీ మారేటప్పుడు "పద్నాలుగో బెడ్ మెంటల్ కేసు" అని అప్పజెప్పుకోవడం మొదలైంది. స్టీలు గ్లాసు అందిస్తే సగం నీళ్లు చీర మీదే ఒలికేవి. మాట ముద్దగా వచ్చేది. నాటకమాడుతోందనుకున్నాను. "సరిగ్గా పట్టుకో" అని కసిరాను కూడా.

ఇంట్లో ఏ మాత్రలు వేసుకుంటోందని అడిగింది రెండో ఏడాది చదువుతున్న విద్యార్థిని. సంచి అడుగున, చీర మడతలో, మానసిక జబ్బుకు వాడే లిథియం మాత్రల అట్ట దొరికింది. ఆ మందుతో చేతులు కొద్దిగా వణకడం మామూలే. కానీ ఎండకో విరేచనాలకో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మందు రక్తంలో పేరుకుపోయి విషమవుతుంది. గ్లాసు నిలవనంత వణుకు దాని గుర్తే. డాక్టరుగారు వెంటనే మాత్రలు ఆపించి, సెలైన్ పెట్టించి, రక్తపరీక్షకు పంపారు. ఆమె కోలుకుంది.

నేనూ ఆ పాఠం చదువుకున్నదాన్నే! కానీ "ఎర్రగడ్డలో చేర్చాలి వీడిని" అని నవ్వుకునే ఇళ్లలోంచే మేమూ వచ్చాం. తెల్ల యూనిఫాం తొడుక్కున్నంత మాత్రాన ఆ నవ్వు పోదు. మానసిక రోగికి వైద్యంలో శారీరక రోగితో సమాన హక్కు ఉందని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వార్డులో అది అమలు కావాలంటే, డ్యూటీ అప్పజెప్పేటప్పుడు "మెంటల్ కేసు" అనడం మాని, వాడుతున్న మందు పేరు, మోతాదు చెప్పాలి. అందుకు అర నిమిషం చాలు.

డిశ్చార్జి రోజున ఆ అన్న మళ్లీ వచ్చాడు. చెల్లెళ్లలో చిన్నదానికి సంబంధాలు చూస్తున్నారట, చీటీలో ఆ మందు పేరు రాయవద్దని బతిమాలాడు. రాయక తప్పదని, ఒళ్లు నొప్పులకు వేసుకునే కొన్ని మాత్రలు దీనితో కలిస్తే మళ్లీ ఇదే ప్రమాదమని చెప్పాను. మారుమాట్లాడలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు.

– ఒక విశ్రాంత హెడ్ నర్సు, రాజమహేంద్రవరం