ఆ డబ్బా కూడా పట్టుకురమ్మను

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ ఊళ్లో పురుగుమందు తాగి పోయిన ఆ రైతు గురించి చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు. "కడుపులో ఏముందో చెప్పడానికి అన్ని నెలలు ఎందుకురా?" అని అడిగావు. పురుగుమందులు అమ్మేవాడివి, నీకు తెలియాల్సిన సంగతే. కాస్త పెద్దగా రాస్తాను, ఓపికగా చదువు.

ఏ విషమో తెలిసి వెతకడం వేరు, తెలియక వెతకడం వేరు. ముఖం ఎరగని మనిషిని జాతరలో వెతకమంటే ఎలా ఉంటుందో రెండోది అలా ఉంటుంది. ఇక్కడ ఆసుపత్రిలో శవపరీక్ష చేసినప్పుడు మేము జీర్ణాశయం, అందులో ఉన్నదంతా, చిన్నపేగులో 30 సెంటీమీటర్ల ముక్క, కొంత కాలేయం, రెండు మూత్రపిండాల్లోనూ సగం సగం తీసి సీసాల్లో పెడతాం. చెడిపోకుండా ఏం పోస్తామో తెలుసా? ఉప్పునీళ్లు! ఇంక కరగనంత ఉప్పు వేసిన నీళ్లు. మామూలుగా అవయవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్ పోస్తే విషాన్ని బయటికి తీయడం కష్టమవుతుంది. ఆ ఉప్పునీళ్లను కూడా విడిగా ఒక సీసాలో పంపుతాం, విషం వాటిలోంచే వచ్చిందని రేపు కోర్టులో ఎవరూ అనకుండా. లక్క సీలు వేసి పోలీసుల చేతికిస్తే, అవి రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరతాయి. అక్కడ ముందు ఏ విషం ఉండొచ్చో చూసే వడపోత పరీక్ష, ఆ తరువాత అది అదేనని తేల్చే నిర్ధారణ పరీక్ష. రెండోది ఎందుకంటావేమో. హెరాయిన్ అనే మత్తుమందు ఒంట్లోకి వెళ్లిన కాసేపటికే మారిపోయి చివరికి మార్ఫిన్ అవుతుంది. కొన్ని దగ్గుమందుల్లో ఉండే కొడీన్ కూడా కొంత మార్ఫిన్‌గానే మారుతుంది. మార్ఫిన్ కనబడగానే హెరాయిన్ అని రాసేస్తే, దగ్గుమందు తాగినవాడు జైలుకు పోతాడు. హెరాయిన్ నుంచి మాత్రమే పుట్టే 6-మోనోఅసిటైల్ మార్ఫిన్ దొరికితేనే ఆ మాట గట్టిగా అనగలం. తొందరపడి ఇచ్చిన రిపోర్టు కంటే ఆలస్యమైన రిపోర్టే నయమని నాకు ఇక్కడికి వచ్చాకే అర్థమైంది.

మొన్న మా మేడం తెల్లకాగితం మీద రెండు గింజలు పెట్టి ఏది ఏమిటో చెప్పమన్నారు. రెండూ మిరపగింజలే అన్నాను. ఒకటి ఉమ్మెత్త! నిలువుగా కోసి భూతద్దంలో చూపించారు. మిరపగింజలో మొలక లోపలికి ముడుచుకుని 6 అంకెలా ఉంది. ఉమ్మెత్తలో దాని కొస బయటికి తిరిగి ఉంది. అంత చిన్న వంపు మీద ఒక కేసు నిలబడుతుంది, శీనూ.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. పోయిన నెల రాత్రి డ్యూటీలో ఒకామె భర్తను ఆటోలో తెచ్చింది. అతని నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. ఆమె కొంగులో చుట్టి తెచ్చిన డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లేబుల్ తడిసినా పేరు చదవగలిగాం, ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు. అనుమానం తీరిపోయింది, వెంటనే దానికి విరుగుడైన అట్రోపిన్ మొదలుపెట్టారు. అతను బతికాడు. అదే పారాక్వాట్ కలుపుమందు అయితే దారి పూర్తిగా వేరు. దానికి విరుగుడు లేదు, అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. ఇంట్లోవాళ్లు మాత్రం ఏదైనా సరే "మందు తాగాడు" అనే అంటారు. భయంతోనో, పరువు పోతుందనో డబ్బాను చెరువులో పారేసి వచ్చేవాళ్లే ఎక్కువ. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకని నాకో సాయం చెయ్యి. మందు కొన్న ప్రతివాళ్లకూ ఆ మందు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసివ్వు. ఎప్పుడైనా జరగరానిది జరిగితే, మనిషితోపాటు డబ్బా కూడా ఆసుపత్రికి పట్టుకురమ్మని చెప్పు. ఎవరు ఏమనుకున్నా చెప్పు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ మాటే అట్ట మీద రాసి నీ గల్లాపెట్టె పక్కన నేనే అంటిస్తాను.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. పాపకు జ్వరం తగ్గిందా? వెంటనే జవాబు రాయి.

నీ
రవి