నివేదికలో సున్నా కనిపిస్తే

అందరికీ నమస్కారం. పరిశోధనలో నిజాయితీ గురించి సంస్థలు ఇచ్చే వార్షిక నివేదికలు ఎలా చదవాలని నిన్న ఇద్దరు ముగ్గురు అడిగారు. బ్రిటన్ సంగతే చూద్దాం. 2012లో వచ్చి, 2019లో సవరించిన కాంకోర్డాట్ అనే ఉమ్మడి ఒప్పందం ప్రకారం అక్కడి పరిశోధన సంస్థలు ఏటా ఒక ప్రకటన తయారుచేసి, పాలకమండలి ముందు పెట్టి, అందరికీ కనిపించేలా ప్రచురించాలి. తీసుకున్న చర్యలు, ఫిర్యాదుల విధానం, పరిశోధనలో అక్రమాలపై ముగిసిన విచారణల సంఖ్య అందులో ఉంటాయి.

అందరి కళ్లూ ఆ సంఖ్య మీదే. నాకైతే సున్నా చూస్తేనే అనుమానం. జూనియర్లు నోరు విప్పడానికి భయపడుతున్నారేమో, ఫిర్యాదుల్ని మొదట్లోనే పక్కన పెట్టేశారేమో! పైగా ఒకచోట వచ్చిన ఫిర్యాదులన్నీ లెక్కేస్తే, ఇంకోచోట పూర్తి విచారణకు వెళ్లినవే లెక్కేయొచ్చు. అక్రమం అంటే ఏమిటన్న నిర్వచనాలూ అన్నిచోట్లా ఒకటి కావు. అమెరికా ప్రభుత్వ నిర్వచనంలో డేటా కల్పించడం, మార్చడం, గ్రంథచౌర్యం, ఈ మూడే. బ్రిటన్‌ది ఇంకా విశాలం. కాబట్టి రెండు సంస్థల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి, ప్లీజ్.

విచారణల నుంచి ఏం నేర్చుకున్నారో రాసిన భాగం ముందు చదవండి. అక్కడ నిరుటి వాక్యాలే మళ్లీ కనిపిస్తే (నిజాయితీ నివేదికలోనే కాపీ!) ఇక్కడ పోస్ట్ చెయ్యండి.