స్వెటర్లు అల్లితే యుద్ధాలు ఆగుతాయా అన్నావు కదా

రాయగడ

ప్రియమైన సరళా,

నీ ఉత్తరం అందింది. మనవడికి పళ్లు రావడం, కోడలి బదిలీ, పార్వతీపురం ఎండలు అన్నీ చదివాను. వాటికి జవాబు తరువాత. "స్వెటర్లు అల్లితే యుద్ధాలు ఆగిపోతాయటే?" అని చివర్లో ఎద్దేవా చేశావు చూడు, ముందు ఆ సంగతి తేల్చాలి.

ఆగవు. ఆగుతాయని నేనెప్పుడూ అనలేదు. పైవాళ్లు కప్పిపెట్టాలని చూసే విషయాన్ని పదిమంది కళ్లలో పడేలా చేయడం, సూది చేసే పని అంతే. అది చిన్న పనేమీ కాదు.

చిలీ దేశం సంగతి విను. 1973లో సేనాధిపతి పినోచెట్ సైన్యాన్ని వెంటేసుకుని గద్దెనెక్కాక వేలమందిని పట్టుకుపోయారు. ఎంతోమంది తిరిగి రాలేదు. కొడుకుల కోసం, భర్తల కోసం జైళ్ల చుట్టూ తిరిగి తిరిగి అలసిన ఆడవాళ్లు శాంటియాగోలో చర్చి అండన చేరి, గోనెపట్టా మీద గుడ్డముక్కలతో బొమ్మలు కుట్టారు. వాటిని అర్పియేరాలంటారు. పైపైన చూస్తే పసిపిల్లలు గీసినట్టే ఉంటాయి. వెనక ఆండీస్ కొండలు, పైన సూర్యుడు, రంగురంగుల ఇళ్లు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ ఇళ్ల ముందు అరవేలంత గుడ్డబొమ్మలు, అవన్నీ ఆడవాళ్లే, చేతుల్లో ఫోటోలు పట్టుకుని నిలబడి ఉంటాయి. "వాళ్లెక్కడ?" అని దారంతో అక్షరాలు. కొన్నిటిలో మాయమైనవాళ్ల బట్టల ముక్కలే వాడారు. పత్రికలు నోరెత్తలేని రోజుల్లో ఆ గుడ్డలు దేశం దాటి వెళ్లి అక్కడి గోడు వినిపించాయి.

డెన్మార్క్‌లో మరో కథ. ఇరాక్ యుద్ధంలో తమ దేశం పాలుపంచుకోవడం నచ్చక, మరియాన్ యోర్గెన్‌సెన్ అనే కళాకారిణి 2006లో ఒక పాత యుద్ధ ట్యాంకుకు నిలువెల్లా గులాబీరంగు ఊలు తొడిగింది. ఎక్కడెక్కడి నుంచో జనం అల్లి పంపిన చదరపు ముక్కలు 4,000 పైచిలుకు. ఫోటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. అయినా నాకు అంతగా ఎక్కలేదు. మా అత్తగారికి చూపిస్తే, "అంత ఊలు ఇనుముకు కప్పారా, దానికేం చలి?" అన్నారు. ఆవిడకు బ్రిటన్ వాళ్ల పని నచ్చింది. అణ్వాయుధాలు తయారయ్యే ఆల్డర్‌మాస్టన్, బర్గ్‌ఫీల్డ్‌ల మధ్య 2014 ఆగస్టు 9న, అంటే నాగసాకి మీద బాంబు పడిన తేదీన, ఏడు మైళ్ల ఊలు పట్టీ పరిచారు. తరువాత దాన్ని ముక్కలు చేసి దుప్పట్లుగా కుట్టారు. "ఇదీ లెక్క" అన్నారు మా అత్తగారు.

ఇక మా ఒడిశాలోని నియమగిరి, అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ కోసం తవ్వబోతే అక్కడి గిరిజనులు అడ్డుకున్న కొండలు. చాటికోన బుధవారం సంతకు దిగివచ్చే ఆ గిరిజనుల, డోంగ్రియా కోంధుల, శాలువా నువ్వూ చూశావు. ముతక తెల్లబట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో ముక్కోణాలు, గీతలు. దాన్ని కప్డాగండా అంటారు. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆకుపచ్చ పండే కొండలకు, పసుపు శాంతికి, ఎరుపు నెత్తురుకీ ప్రతీకారానికీ గుర్తట. శాంతి పక్కనే ప్రతీకారాన్ని కుట్టుకున్న ఆ నిజాయితీ నాకు భలే నచ్చింది. అయితే పట్నాల నుంచి వచ్చినవాళ్లు దాన్ని భుజాన వేసుకుని ఇదే పోరాట జెండా అంటుంటే మాత్రం చిర్రెత్తుకొస్తుంది. అది ఒక పిల్ల తన అన్నకో, మనసైనవాడికో కుట్టి ఇచ్చుకునేది. బాక్సైట్ తవ్వకాన్ని ఆపింది శాలువా కాదు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల మాట వినమంది. ఆ ఏడాదే 12 గ్రామసభలు జరిగితే పన్నెండూ వద్దనే తీర్మానించాయి. ఆ ఘనత ఆ మనుషులది.

ఇప్పుడు మా వీధి భాగోతం. మధ్యాహ్నాలు వంటలయ్యాక మా అరుగు మీద చేరే ఆడవాళ్లం, సగం తెలుగు, సగం ఒడియా. మొదట్లో పసిపిల్లల టోపీలు అల్లేవాళ్లం. అర్పియేరాల బొమ్మలు చూపించాక, మనమూ ఒక బొంత కుడదాం, ఎవరి ముక్క మీద వాళ్లు పోగొట్టుకున్నది కుట్టాలి అన్నారు. మల్కన్‌గిరి వైపు నుంచి కోడలిగా వచ్చిన పక్కింటి అమ్మాయి ఒక సైకిల్ కుట్టింది. గొలుసుకుట్టుతో చక్రాలు, వెనక క్యారియర్‌కు కట్టిన బియ్యం సంచి, హ్యాండిల్ పట్టుకున్నవాళ్లు లేరు. అది వాళ్ల అన్నయ్యదట. ఎవరు తీసుకుపోయారో ఆ పిల్ల చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇన్నేళ్లుగా గోడకు గోడ ఆనుకుని ఉన్నాం, ఆ పిల్లకు ఒక అన్న ఉండేవాడని కూడా మాకు తెలియదు. చేతులు పనిలో ఉండి, చూపులు గుడ్డ మీద ఉంటే గానీ ఇలాంటివి బయటకు రావు.

అలాగని అక్కడ అంతా శాంతే అనుకునేవు! అంచు ఎరుపా నీలమా అన్న దగ్గర ఇద్దరు పెద్దవాళ్లకు ఇంకా మాటల్లేవు. పూర్తయ్యాక గుళ్లో వేలాడదీయాలని ఒకరు, బడిలో అని ఇంకొకరు. నా ఓటు బడికే.

మీ ఇంట్లో పాత పొందూరు చీరలుంటే చిరుగుల సంగతి చూడకుండా పంపు, బొంతకు అడుగు వేయాలి. గట్టి నల్లదారం రెండు ఉండలు కూడా. ఇక్కడి కొట్టులో దొరికేది ఒక్క ఉతుకుకే రంగు దిగిపోతోంది. రైల్లో ఇటు వచ్చేవాళ్ల చేతికి ఇవ్వు, మా అబ్బాయి స్టేషన్‌కు వచ్చి తీసుకుంటాడు.

నీ
పద్మ