దిగనన్న బెలూన్ సంగతి

ఒరేయ్ శీనూ,

బాబాయ్‌కి మూత్రం కోసం వేసిన పైపు చివరికి బయటికొచ్చిందన్నావు, బతికించావు. ఆర్‌ఎంపీ సిరంజి పెట్టి ఎంత గుంజినా పైపు బెలూన్‌లోంచి చుక్క నీరు రాలేదని, "పీకేద్దామా" అని కూడా అన్నాడని చదివి నాకు చెమటలు పట్టాయిరా. నువ్వు ఆపి మంచిపని చేశావు. పైపు జారిపోకుండా పట్టి ఉంచే బెలూన్ లోపల 10 మిల్లీలీటర్ల నీళ్లతో ఉబ్బి ఉంటుంది, అలాగే పీకితే మూత్రనాళం చీరుకుపోతుంది.

ఎందుకిలా అయిందని అడిగావు కదా, యూరాలజీ వార్డులో మాకిది కొత్తేమీ కాదు. ఈ పైపుని ఫోలీ కాథెటర్ అంటాం, అందులో రెండు దారులుంటాయి. పెద్దది మూత్రానికి, సన్నది బెలూన్‌లోకి నీళ్లు ఎక్కించడానికి. ఆ సన్నదారి మూసుకుపోయినా, బయట చివరనుండే వాల్వ్ పాడైనా నీళ్లు వెనక్కి రావు. కొందరు చేతికందింది కదా అని సెలైన్ ఎక్కిస్తారు, అందులోని ఉప్పు పేరుకుని దారి మూసుకోవచ్చు. ఎక్కించాల్సింది స్టెరైల్ వాటర్, అంటే సూక్ష్మజీవుల్లేకుండా శుద్ధి చేసిన నీళ్లు. ఈసారి పక్కనే నిలబడి ఏ సీసా తీశారో చూడు, మొహమాటపడకు.

సిరంజిని గట్టిగా గుంజితే పని ఇంకా చెడుతుంది. కొబ్బరిబోండంలో మెత్తటి స్ట్రా పెట్టి గట్టిగా పీలిస్తే అతుక్కుపోతుందే, అలా ఆ దారి గోడలు అతుక్కుంటాయి. మేమైతే ముందు పైపు ఎక్కడైనా మెలికపడిందేమో చూసి, సిరంజి తగిలించి ఊరికే వదిలేస్తాం, చాలాసార్లు నీళ్లు వాటంతటవే వస్తాయి. రాకపోతే ఒకటి రెండు మిల్లీలీటర్లు లోపలికి పంపి మళ్లీ చూస్తాం. అప్పటికీ మొండికేస్తే వాల్వ్ కత్తిరిస్తారు. ఇది ఇంట్లో చేసే పని కాదు, కోసిన చివర లోపలికి జారిపోతే అదో తంటా. ఆ తర్వాత సన్నటి వైరు పంపి దారి తెరుస్తారు, బాబాయ్‌కి చేసిందదే. దానికీ లొంగకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొత్తికడుపు మీదుగా సూదితో బెలూన్‌ని పొడుస్తారు. ఇంకా నీళ్లెక్కించి పగలగొట్టేద్దామనే మొనగాళ్లూ ఉన్నారులే, వాళ్ల మాట వినకు. రబ్బరు ముక్కలు మూత్రాశయంలో మిగిలిపోతే వాటి చుట్టూ రాళ్లు కడతాయి. అందుకే తీశాక బెలూన్ మొత్తం ఉందా లేదా అని మేం తిప్పి తిప్పి చూస్తాం.

ఇప్పుడు వేసింది సిలికాన్‌ది అన్నావు, మంచిదే, 12 వారాల వరకు ఉంచే రకాలుంటాయి. కాకపోతే సిలికాన్ బెలూన్‌లో నీళ్లు నెమ్మదిగా ఇంకిపోతుంటాయి, ఒక్కోసారి పైపు దానంతటదే జారి బయటికొస్తుంది. అలా వస్తే దాన్నే మళ్లీ తోసేయకండి, కొత్తది వేయించాలి.

నిజానికి బెలూన్ కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పైపు పూడుకుపోవడం. ప్రోటియస్ లాంటి బాక్టీరియా చేరితే మూత్రం క్షారంగా మారి, లోపల సున్నం పేరుకున్నట్టు గట్టిపడుతుంది. సంచిలోకి మూత్రం రాక, పొత్తికడుపు బిగుసుకుని, పైపు పక్కనుంచి కారుతుంటే ఇంకా లావు పైపు వేయమని అడక్కు, ముందు అది పూడిందేమో చూపించు. అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, అలాగని నేలకు తగలకూడదు.

పిన్నిని అడిగానని చెప్పు. మళ్లీ మార్చే తేదీ ముందే చెప్తే డ్యూటీ మార్చుకుని ఆ టైముకి ఫోన్‌లో ఉంటా.

నీ
రమణ