చెన్నైలో గోల్ఫ్ కర్రలు బాగుచేసే పెద్దాయనకి దండం

రాత్రి ఒంటిగంట దాటాక నెల్లూరు దగ్గర మా ఇందుకూరుపేట చేరాం. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయినా ఇప్పుడే రాస్తున్నా, పొద్దున చెరువు గట్టెక్కితే మళ్లీ ఫోన్ పట్టుకునే తీరిక ఉండదు.

మా పాపకి పదహారేళ్లు. గోల్ఫ్ ఆడుతుంది. సెలవులకి చెన్నైలో మా బావమరిది ఇంటికి పోయినప్పుడు అంటుకున్న పిచ్చి అది. రొయ్యల చెరువులోడికి గోల్ఫ్ ఏందబ్బా అని నవ్వినోళ్లందరికీ ముందే దండం పెట్టేశాను కాబట్టి అసలు సంగతికి వస్తా.

ఫెయిర్‌వే వుడ్ అని ఒక కర్ర ఉంటుంది. పేరుకే వుడ్, దాని తలకాయ స్టీలు. గడ్డి మీద పడున్న బంతిని దూరంగా కొట్టడానికి వాడతారు. పాపకి మొదట ఒక షాపులో కొన్నాం. వాళ్లు పాప చేత ఒక్క బంతి కూడా కొట్టించకుండానే "ఆడపిల్ల కదా సార్, ఎల్ ఫ్లెక్స్ తీసుకోండి" అన్నారు. ఫ్లెక్స్ అంటే కర్ర కాడ ఎంత వంగుతుందనేది, ఎల్ అంటే లేడీస్, అన్నిట్లోకీ మెత్తది. అది మెత్తగా ఉండి బంతి గాలిపటంలా లేచి ఎడమకి పోయేది. ఆరు నెలలకి ఇంకో షాపుకి పోతే "పాప పొడుగరి, గట్టిగా కొడుతుంది, ఎస్ ఇస్తాం" అని స్టిఫ్, అంటే గట్టిది అంటగట్టారు. ఇప్పుడు బంతి నేలబారుగా కుడివైపుకి! తిరిగి తీసుకోమంటే బిల్లు వెనక సన్న అక్షరాలు చూపించారు. రెండిటికీ కలిపి ఎంతయిందో ఇక్కడ రాయలేను, మా ఆవిడ చదువుతుంది.

పోటీ ఇంక మూడు రోజులుందనగా చెన్నైలో ప్రాక్టీసులో పాప ఏడ్చేసింది. తప్పు తనదే అనుకుంది పిచ్చిపిల్ల. అక్కడ ఒక కుర్రోడు చూసి, సందు చివర రేకుల షెడ్డులో ఒక పెద్దాయన ఉంటాడు, చూపించండి అన్నాడు.

పోయేసరికి ఆయన షెడ్డు మూసేస్తున్నాడు. మా మాట విని "ఏ ఊరు అబ్బాయా" అన్నాడు. ఆయనది సూళ్లూరుపేట దగ్గర పల్లెటూరు. ఇప్పుడది తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, మాకూ ఆయనకీ అది నెల్లూరే. వేసిన తాళం తీశాడు. కర్ర సంగతి అడగలేదు. "పాప అన్నం తిన్నదా?" అన్నాడు. తినలేదు. ఇడ్లీలు తెప్పించి, పాప తిన్నాకే పని మొదలుపెట్టాడు.

ఆయన చేసింది చెబుతా వినండి. రెండు కంపెనీల కర్రలు తీశాడు, రెండిటి మీదా ఆర్ అనే ఉంది, అంటే రెగ్యులర్, మధ్యరకం. పట్టుకునే కొసల్ని పక్కపక్కనే వైస్‌లో బిగించి, తలకాయల్ని కిందికి లాగి వదిలాడు. ఒకటి గబగబా వణికింది, అంటే గట్టిది. ఇంకోటి తీరిగ్గా ఊగింది, అంటే మెత్తది. "చూసినావా, రెండూ ఆరే" అని నవ్వాడు. నాకప్పుడు కడుపు మండింది. మన రొయ్యకి వంద కౌంట్ అంటే కిలోకి వంద, నెల్లూరులో తూచినా భీమవరంలో తూచినా అంతే. ఇన్నేసి వేలు పోసి కొనే కర్ర మీద ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అని రాసుకుంటారు గానీ, ఏ అక్షరానికి ఎంత గట్టిదనమో అందరికీ కలిపి ఒక కొలత లేదంట! ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ కావచ్చంట. ఎవరడగాలి ఇది?

కోచ్ దగ్గర కొలిస్తే, అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర డ్రైవర్‌తో పాప ఊపు వేగం గంటకి 82 మైళ్లు. పట్టిక ప్రకారం ఆ వేగానికి ఏ, సీనియర్ ఫ్లెక్స్ అంటారు. "నేనేమన్నా ముసలిదాన్నా నాన్నా" అంది పాప. పెద్దాయన వేగంతో ఆగలేదు. బయట మట్టిలోనే ఓ పది ఊపులు ఊపించాడు. "పైనుంచి కిందికి తిప్పేటప్పుడు తొందరెక్కువ ఈ తల్లికి. తొందరున్నోళ్లకి మెత్తది ఆగదు. ఆర్ వేద్దాం, మరీ బరువు లేకుండా" అన్నాడు. డ్రైవర్ కాడ కన్నా ఐదు పది గ్రాములు ఎక్కువుంటే నేల మీది బంతికి అదుపు వస్తుందని కూడా చెప్పాడు.

తన పాత కర్ర ఒకటి విప్పి దాని కాడే తీశాడు. దాని మొనా, పాప కర్ర కాడ మొనా 0.335 అంగుళాలే కాబట్టి సరిపోయింది. వేడిగాలి మిషన్‌తో జిగురు కరిగించి, మెలి తిప్పకుండా తిన్నగా లాగాడు. మొన మీద రంగుని గరుకు కాగితంతో గీకుతుంటే ఆ వేళ్లు వణుకుతున్నాయి. జిగురు పెట్టగానే వణుకు ఆగింది, ఎట్లాగో తెలీదు. "ఒక రోజంతా ముట్టుకోవద్దు, ఇక్కడే ఉండనీ" అన్నాడు.

మర్నాటి రాత్రి మేం తెచ్చుకోవడానికి బయల్దేరేలోపు ఆయనే మా లాడ్జి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సిటీ బస్సులో వచ్చాడంట. కర్రని తన తువ్వాలులో చుట్టి చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "నా పాతదే కదా అబ్బాయా, మూల పడుంది" అన్నాడు. నేను గదిలోకి పోయి, కుళాయి తిప్పి ఏడ్చాను. ఆయన పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

పాప గెలవలేదు. కానీ మూడో గుంట దగ్గర ఆ కర్రతో కొట్టిన బంతి తిన్నగా పోయింది, నేను చూశాను.

మా ఆవిడకి, చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు చూసుకున్న మా తమ్ముడికి, బావమరిదికి వేరే చెప్పేదేముంది, ఇంటివాళ్లే కదా. హాజరు తక్కువైందని రోజూ ఫోన్ చేసే పాప బడివాళ్లకి మాత్రం ఒక మాట: గోల్ఫ్ కూడా ఆటేనండీ, సర్టిఫికెట్ తెమ్మంటే ఏ ఆఫీసులో ఇస్తారో కూడా మీరే చెప్పండి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, ప్రాక్టీసుకి పోయి రావాలంటే ఒక రోజు పోతుంది.

అయ్యో, మర్చిపోయా. షెడ్డు చూపించిన కుర్రోడికి థాంక్స్. జిగురు ఆరేదాకా ఆ ఒక్క రోజుకి వాళ్లమ్మాయి కర్ర ఇచ్చిన విజయవాడ మేడమ్ గారికి కూడా. సెంట్రల్ దాకా మీటర్ మీద ఒక్క రూపాయి అడగని ఆటో అన్నకి... ఆయన తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది, ఉతికి ఆరేశాం, ఈసారి పోయినప్పుడు ఇవ్వాలి.