'అన్నీ ఆఫ్' బటన్ ఎందుకు పనిచేయడం లేదంటే

మన షాపులో వైఫై స్విచ్‌లు పెట్టించుకున్న అందరికీ నమస్కారం. పడుకునే ముందు ఫోన్లో నొక్కే 'అన్నీ ఆఫ్' ఈ వారం నుంచి ఎవరింట్లోనూ పనిచేయడం లేదు. గోడ మీది స్విచ్‌లు మామూలుగానే పనిచేస్తాయి. రూటర్ ఆపి ఆన్ చేస్తూ కూర్చోకండి, లోపం అక్కడ లేదు.

ఈ స్విచ్‌ల మాడ్యూళ్ళు (లోపలుండే ఎలక్ట్రానిక్ బోర్డులు) సప్లై చేసిన కంపెనీ తన సర్వర్ మూసేసింది. హాల్లో లైట్లు, ఫ్యాన్లు కలిపి మనం కట్టిన గ్రూపు ఉన్నది ఆ సర్వర్లోనే. మీరు సోఫాలో కూర్చుని నొక్కితే ఆ ఆర్డరు ఎక్కడికో వెళ్ళి, తిరిగొచ్చి, ఒక్కో స్విచ్‌కీ విడిగా అందేది. లైట్లు ఒకదాని వెనక ఒకటి ఆరేది అందుకే. మూసేస్తున్నామని ముందుగా ఒక్క మెయిల్ పెట్టలేదు. డీలర్‌కి ఫోన్ చేస్తే "కొత్త మోడల్ తీసుకోండి సార్" అన్నాడు. పాత బాకీ పైసాతో సహా వసూలు చేసుకున్న మనిషే ఆ మాటన్నది!

ఏం చేయాలన్నదాని మీద నిద్ర పట్టలేదు. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ ఉన్న మాడ్యూళ్ళకు టాస్మోటా (కంపెనీ సర్వర్ అక్కర్లేకుండా నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించి బతికించవచ్చు. బెంచీ మీద చేసి చూశాను, శుభ్రంగా నడిచింది. ఖర్చూ తక్కువే. కానీ తర్వాత వచ్చిన లాటులో చిప్పే వేరు, వాటికది ఎక్కదు. ఒకే ఇంట్లో సగం అలా, సగం ఇలా పెట్టి డబ్బు తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు. అందుకని అన్నీ తీసేసి జిగ్‌బీవి (వైఫై కాకుండా వేరే తరహా వైర్‌లెస్ మీద నడిచేవి) వేస్తున్నాను. ఇందులో గ్రూపు నంబరు ప్రతి స్విచ్ లోపలే ఉంటుంది. హబ్, అంటే స్విచ్‌లన్నిటికీ ఆర్డర్లిచ్చే పెట్టె, ఒక్కసారి చెబితే గ్రూపులోవన్నీ ఒకేసారి ఆరతాయి. హబ్ మీ ఇంట్లోనే, హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. నెట్ పోయినా ఇంట్లో పని ఆగదు, ఊరెళ్ళినప్పుడు ఫోన్ నుంచి చూడాలంటే మాత్రం నెట్ ఉండాలి.

గీజరు, బోరు మోటారు ఈసారి ఏ గ్రూపులోనూ పెట్టను. అడగొద్దు. 'అన్నీ ఆన్' నొక్కితే మోటారు కూడా తిరిగి ట్యాంకు పొర్లితే అపార్ట్‌మెంట్లో మాట పడేది మీరు. వాటికి విడిగా ఒక బటన్ ఇస్తాను, చాలు.

కొత్త మాడ్యూళ్ళకు పైసా తీసుకోను. హబ్ కొన్న ధరకే, బిల్లు చూపించి ఇస్తాను. బిగించే కూలి మా ఎలక్ట్రీషియన్ కుర్రాడిది, దాంట్లో బేరాలొద్దు.

మావి బొమ్మల కొట్టు సామాన్లని తన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశారట, స్క్రీన్‌షాట్ నాకూ చేరింది. మొదట మార్చేది ఆయనింట్లోనే. మిగతావాళ్ళు ఏ రోజు వీలో వాట్సాప్ చేయండి, ఆదివారమైనా వస్తాం.